చల్లటి కార్డుల బుట్ట

పొద్దున్నే షట్టరు పైకి లేవగానే కవర్లక్క చేసే మొదటి పని టేబుల్ తుడుచుకోవడం. తర్వాత పెన్ను పాళీతో చిత్తుకాగితం మీద నాలుగు గీతలు గీసి చూసుకుంటుంది. ఆ తర్వాత రెండు బుట్టలు తెచ్చి కుర్చీకి రెండు పక్కలా పెట్టుకుంటుంది. కుడిపక్కది వెదురుబుట్ట, వెచ్చటి కార్డులకి. ఎడమపక్కది నీలం ప్లాస్టిక్ బుట్ట, చల్లటి కార్డులకి. ఇరవై ఆరేళ్ళుగా ఆ రెండు బుట్టల మధ్య కూర్చుని, ఊళ్ళోవాళ్ళ పెళ్ళికార్డుల కవర్ల మీద ఆవిడే పేర్లు రాస్తోంది. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆవిడకీ ఒకటుంది గానీ, ఓటర్ల జాబితాలో తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు.

ఆ షాపులో అచ్చయిన కార్డుల సంగతి ఊరందరికీ తెలిసిందే. కార్డుని కవర్లో పెట్టి పైన పేరు రాస్తే, సిరా ఆరేలోపు విషయం తేలిపోయేది. పెళ్ళికి వచ్చేవాళ్ళ కార్డు వెచ్చబడేది. రానివాళ్ళది చల్లబడేది. మొహం చూపించి భోజనం చేయకుండా జారుకునేవాళ్ళది గోరువెచ్చగా ఉండేది. పిలవడమే ఆలస్యం, పిల్లాజెల్లాతో ముందురోజే దిగిపోయే బాపతు వాళ్ళదైతే ఒక్కోసారి కవరు అంచు కమిలేది కూడా. వంటాయన వచ్చి పెళ్ళివాళ్ళతో పని లేకుండా నేరుగా కవర్లక్కనే అడిగేవాడు, వెచ్చటివి ఎన్ని, గోరువెచ్చటివి ఎన్ని అని. దాన్నిబట్టే సరుకుల పట్టీ రాసుకునేవాడు. హాలు మేనేజరు కుర్చీలు వేయించేదీ దాన్నిబట్టే. షాపు పిల్లి చలికాలమంతా వెదురుబుట్టలోనే కాపురం ఉండేది. ఎండాకాలం వస్తే షాపు యజమాని పెద్దాయన మంచినీళ్ళ సీసాని నీలం బుట్టలో కార్డుల మధ్య దోపి, మధ్యాహ్నానికల్లా చల్లగా తాగేవాడు. ఫ్రిజ్జు కొనరేం అని ఎవరైనా అడిగితే, ఊళ్ళో అలిగినవాళ్ళు ఉన్నన్నాళ్ళు నాకు ఫ్రిజ్జెందుకయ్యా అనేవాడు.

చల్లటి కార్డుల్ని ఎవరూ పంపేవాళ్ళు కాదు. ఆ మనిషి రాడని కార్డే చెబుతుంటే ఇంకా కాళ్ళు అరిగేలా తిరిగి ఇవ్వడం దేనికి అనుకునేవాళ్ళు. పెళ్ళిళ్ళ సీజను అయిపోయాక చిత్తుకాగితాలాయన వచ్చి వాటిని గోనెసంచిలో ఎత్తుకుపోయేవాడు. ఆ పద్ధతి ఎవరు పెట్టారో పెద్దాయనకి కూడా తెలీదు. వాళ్ళ నాన్న హయాం నుంచీ అంతే.

ఇన్ని పెళ్ళిళ్ళకి రాసిన చేతికి ఈసారి సొంత కూతురి పెళ్ళి వచ్చింది. కూతురు ఆసుపత్రి లాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. సెలవు చూసుకుని ఒక మధ్యాహ్నం షాపుకొచ్చింది. శాంపిల్ ఆల్బములు ఏడూ ముందేసుకుని తల్లీకూతుళ్ళు కూర్చున్నారు. కవర్లక్క మనసులో ఎప్పటినుంచో ఒక కార్డుంది. మూడో ఆల్బంలో పదకొండో పేజీ. మెరూన్ రంగు అట్ట, బంగారు రంగు అంచులు, మధ్యలో పట్టు రిబ్బను. విప్పితే రెండు తలుపుల్లా తెరుచుకుంటుంది. ఎవరెవరి పెళ్ళికో ఆ కార్డు కవర్లు రాస్తూ, మా పాపకి కూడా ఇదే అని వందసార్లు అనుకుని ఉంటుంది. కూతురు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది పెళ్ళికార్డా, చీర పెట్టె మూతా అని పక్కన పెట్టేసింది.

ఆ అమ్మాయికి నచ్చింది ఆరో ఆల్బంలో ఆఖరి పేజీ. అంతదాకా ఎవరూ తిప్పరు. మీగడ రంగు మందపాటి కాగితం, మడత లేదు, రిబ్బను లేదు. ముదురాకుపచ్చ రంగులో సన్నటి అక్షరాలు, అంతే. ఇంత బోసిగా ఉంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారని తల్లి గొణిగింది. పెళ్ళికొస్తారు కదమ్మా, అక్కడ నిండుగా ఉంటాలే అంది కూతురు. పెద్దాయన మధ్యలో దూరి, ఆ కాగితం ఇప్పుడు తయారు కావడం లేదనీ, తన దగ్గర ఉన్నది సరిగ్గా రెండు వందల యాభై కార్డులకి సరిపోతుందనీ, అమ్మాయి అదృష్టం అనీ చెప్పాడు. కవర్లక్కకి ఆయన మీద చిరాకేసింది.

"అక్షరాలన్నా కాస్త పెద్దవి వేయించవే. పెద్దవాళ్ళు ఎలా చదువుతారు?"

"పెద్దవాళ్ళు బాగానే చదువుతారమ్మా. కళ్ళజోడు మార్చుకోనివాళ్ళే చదవలేరు."

ఆ దెబ్బ సూటిగా తగిలింది. రెండేళ్ళుగా ఆవిడకి దగ్గరివి ఆనడం లేదు. బస్టాండు దగ్గర తోపుడుబండి మీద కొన్న కళ్ళజోడు పెట్టుకుని, కవరుని బారెడు దూరాన ఉంచి రాస్తోంది. అది పెట్టుకుంటే మూడు గంటలకల్లా తలనొప్పి. ఊళ్ళో కళ్ళు పరీక్ష చేసి సరైన అద్దాలు బిగించే షాపు ఒకటే ఉంది, రైలు గేటు అవతల. ఆ షాపు ఆవిడ సొంత అన్నయ్యది. అన్నాచెల్లెళ్ళ మధ్య మాటల్లేక ఇరవై నాలుగేళ్ళు.

అమ్మానాన్నలు పోయేనాటికి అన్నయ్యకి పంతొమ్మిది, ఆవిడకి పదకొండు. అన్నయ్య చదువు మానేసి ఒక కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు నూరే పనిలో చేరాడు. కళ్ళు పరీక్ష చేసే అట్ట ఉంటుంది కదా, పైన ఒక పెద్ద అక్షరంతో మొదలై కిందికొచ్చేకొద్దీ చిన్నవైపోయేది, అలాంటివి అక్కడ పాతబడ్డవి ఇంటికి తెచ్చేవాడు. వాటి వెనక తెల్లటి వైపున చెల్లెలి చేత రోజూ అదే అచ్చున రాయించేవాడు. పై వరుస అరచేయంత, ఆఖరి వరుస ఆవగింజంత. ఆఖరి వరుసలో కూడా చేయి వణక్కూడదు అనేవాడు. పనినుంచి వచ్చి, వేళ్ళకి గాజుపొడి కడుక్కోకుండానే పక్కన కూర్చుని చూసేవాడు. ఇవాళ ఆవిడ రాత ముత్యాలకోవ అని ఊరంతా అంటుందంటే, ఆ రాతే ఇన్నేళ్ళూ అన్నం పెట్టిందంటే, అదంతా ఆ అట్టల వెనక సంపాదించుకున్నదే.

ఆవిడ పెళ్ళీడుకొచ్చాక అన్నయ్య ఒక సంబంధం చూశాడు. ఆవిడ వెల్డింగ్ పని చేసే అబ్బాయిని ఇష్టపడ్డానంది. అన్నయ్య అరవలేదు, కాదనలేదు. నీ ఇష్టం అన్నాడు, అంతటితో నోరు మూసుకున్నాడు. ఆ రెండు మాటల్లో కోపమెంతో, ఇష్టమెంతో తేల్చుకోలేక ఆవిడ నలిగిపోయింది. మర్నాడు బట్టలు సర్దుకుని, అప్పటికే తను పనిచేస్తున్న షాపు పెద్దాయన ఇంటికి వచ్చేసింది. పెళ్ళికార్డులు అచ్చయ్యాక అందరికంటే ముందు అన్నయ్య పేరే రాసింది. తీసుకెళ్తే మొహమ్మీదే తలుపేస్తాడేమోనని బెదురుతూ రాసింది. సిరా ఆరకముందే ఆ కార్డు రాయిలా చల్లబడింది. ఇంకేముంది, నీలం బుట్టలో పడింది. పెళ్ళయింది, అన్నయ్య రాలేదు. ఆ తర్వాత దారిలో ఎదురుపడ్డా ఇద్దరూ పక్కనున్న ఏదో ఒక షాపులోకి చూస్తూ నడిచేవాళ్ళు.

విచిత్రమేమిటంటే, ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళ జాబితాల్లో ఆయన పేరు తరచూ వచ్చేది. సగం ఊరు ఆయన అద్దాల్లోంచే చూస్తోంది మరి. ఆయన పేరు వచ్చినప్పుడల్లా ఆవిడ పాళీ మార్చి, ఊపిరి బిగబట్టి, ఆఖరి వరుస రాసినంత శ్రద్ధగా రాసేది. ఆ కవరు ఎప్పుడూ వెచ్చగానే ఉండేది. అందరి పెళ్ళిళ్ళకీ వెచ్చగా వెళ్ళే మనిషి నా పెళ్ళికే చల్లబడ్డాడు అనుకుని దాన్ని వెదురుబుట్టలో వేసేది.

కార్డులో వేయాల్సిన విషయం కూతురే కాగితం మీద రాసింది. ఆహ్వానించేవాళ్ళ పేర్ల దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగింది. పెళ్ళికొడుకు వైపు తాతలు, బాబాయిలు, అత్తయ్యలు కలిపి తొమ్మిది పేర్లున్నాయి. ఇటువైపు అమ్మ, నాన్న, అంతే.

"మామయ్య పేరు వేద్దామా అమ్మా?"

"రానివాళ్ళ పేరు వేస్తే నలుగురూ నవ్వుతారు."

కూతురు సరే అంది. లాబ్‌లో పనిచేసేవాళ్ళ సరేని అంతగా నమ్మకూడదు. రిపోర్టు వచ్చేదాకా వాళ్ళు ఏ మాటా తేల్చి చెప్పరు.

రెండు రోజుల తర్వాత ప్రూఫు వచ్చింది. ప్రూఫుని మూడుసార్లు చదివి సంతకం పెట్టందే మిషను తిప్పరు, అది ఆ షాపు నియమం. ఎంత పెద్దమనిషి వచ్చినా కుర్చీలో కూర్చోబెట్టి మూడుసార్లూ చదివించే కవర్లక్క, సొంత కూతురి కార్డు దగ్గరికొచ్చేసరికి ఏం చేసిందంటే, కాగితాన్ని బారెడు దూరాన పట్టుకుంది. పైన పెద్దక్షరాల్లో పిల్లల పేర్లు కనిపించాయి, తారీఖు కనిపించింది, హాలు పేరు కనిపించింది. కిందదంతా పచ్చటి చీమల బారులా ఉంది. కూతురి ముందు కళ్ళు ఆనడం లేదని ఒప్పుకోవడం ఇష్టం లేక, మూడుసార్లు తల ఊపి సంతకం పడేసింది. పెద్దాయనకి ఎందుకో దగ్గొచ్చింది. కూతురు ఫ్యాను వంక చూసింది.

ఆ రోజే ఇంకో పొరపాటు కూడా జరిగింది. మందుల షాపాయన కొడుకు పెళ్ళి కార్డులు టేబుల్ మీదున్నాయి. జాబితాలో ఆఖరి పేరు ఎదురు షాపాయనది. ఒకప్పుడు ఇద్దరూ భాగస్థులు. ఫ్యాను కింద కుర్చీ ఎవరిదన్న దగ్గర మొదలైన మాట పెరిగి పెద్దదై, రెండో ఆయన విడిపోయి సరిగ్గా రోడ్డుకి అవతల ఇంకో మందుల షాపు తెరిచాడు. తొమ్మిదేళ్ళుగా ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడుతున్నారు. ఆ పేరు రాసీరాయగానే కవరు వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లబడింది. కానీ కవర్లక్క మనసు ఇంకా ఆ మెరూన్ కార్డు రిబ్బను చుట్టూ తిరుగుతోంది. చేయి దాని దారిన అది వెళ్ళి కవరుని వెదురుబుట్టలో పడేసింది. సాయంత్రం లెక్క చూసుకుంటే నీలం బుట్టలో ఒకటి తక్కువ. అప్పటికే వెచ్చటి కట్ట వెళ్ళిపోయింది. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా జరగని తప్పు. పెళ్ళింట్లో ఏం రభస అవుతుందోనని భయపడుతూ, ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకుంది.

రెండు వారాలు గడిచాయి. ఒక పొద్దున మిషను మీంచి అప్పుడే దిగిన కూతురి కార్డులు పచ్చి సిరా వాసనతో టేబుల్ మీదికొచ్చాయి. మీగడ కాగితం మీద ముదురాకుపచ్చ. చేతిలోకి తీసుకున్నాక, మెరూన్ కంటే ఇదే బాగుందని ఆవిడకే అనిపించింది గానీ పైకి అనలేదు. ఒక్కొక్కటే కవర్లో దూర్చి పేర్లు రాసుకుంటూ పోయింది. రెండు వందల పద్నాలుగు వెచ్చగా వచ్చాయి. పంతొమ్మిది చల్లబడ్డాయి. భర్త వైపు ఒక పెద్దత్తయ్య, పాత ఇంటి యజమాని, ఎప్పుడో మాట పట్టింపు వచ్చిన పొరుగింటావిడ, అలాంటివాళ్ళు. అన్నయ్య పేరుని ఆఖరికి ఉంచుకుంది. పాళీ మార్చింది. ఊపిరి బిగబట్టి రాసింది.

కార్డు చల్లబడింది.

కాసేపు దాన్ని అలాగే పట్టుకుని, నీలం బుట్టలో పెట్టింది. పెద్దాయన లేచొచ్చి, ఆ బుట్టలోంచి తన నీళ్ళ సీసా తీసి టేబుల్ మీద పెట్టుకున్నాడు. ఆ కార్డు చలవతో చల్లబడ్డ నీళ్ళు ఆయన గొంతు దిగవు. ఆ చిన్న పనికి కవర్లక్క కళ్ళు చెమర్చాయి.

సరిగ్గా అప్పుడే మందుల షాపాయన మెట్లెక్కుతూ కనిపించాడు. దులిపేయడానికే వచ్చాడనుకుంది. ఆయన వచ్చి ఎదురుగా నిలబడి రెండు చేతులూ జోడించాడు.

కార్డు అందిన సాయంత్రమే ఎదురు షాపాయన రోడ్డు దాటి వచ్చాడట. నేరుగా వచ్చి ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నాడట. కాసేపటికి, పెళ్ళికి మందులపెట్టె ఎవరు పెడుతున్నారు, ఎవరికైనా కళ్ళు తిరిగితే ఎలా అని అడిగాడట. పెళ్ళిరోజు పొద్దున అందరికంటే ముందొచ్చి, అతిథుల్ని కూర్చోబెట్టడం దగ్గర్నుంచి ఆఖరున హాలు తాళం అప్పజెప్పేదాకా మొత్తం తనే మీదేసుకున్నాడట. ఇది చెబుతూ మందుల షాపాయన రెండుసార్లు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నీ చేత్తో రాసిన కవరమ్మా. ఫ్రేము కట్టించి షాపులో పెట్టుకున్నాడు. నీకు చెప్పి వెళ్దామని వచ్చాను."

కవర్లక్క ఇక దాచలేకపోయింది. అది చల్లటి కార్డనీ, వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉందనీ, పొరపాటున పంపాననీ చెప్పేసింది. ఆయనకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు.

"పొరపాటేముందమ్మా. పంపావు కాబట్టి వచ్చాడు. పిలవని పెళ్ళికి ఎవరైనా ఎలా వస్తారు?"

ఆయన వెళ్ళిపోయాడు. ఆవిడ మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయింది. చల్లగా ఉందని పంపరు. పంపలేదని వాళ్ళు రారు. వాళ్ళు రారు కాబట్టే కార్డు చల్లబడుతుంది. కార్డు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. పంపే మనసు మనకి లేదని దానికి తెలిసేది, అంతే. ఇన్నేళ్ళుగా ఎంతమంది పేర్లు ఈ బుట్టలోంచి గోనెసంచిలోకి వెళ్ళాయో ఆవిడ లెక్కపెట్టలేకపోయింది. ఇరవై నాలుగేళ్ళ కింద ఒక కార్డుని బెదురుతూ రాసింది కూడా, ఇవ్వకూడదని లోలోపల నిశ్చయించుకున్నది కూడా తనే.

"బాబాయ్," అంది పెద్దాయనతో, "చల్లబడేది వాళ్ళు కాదు. మనం."

పెద్దాయన, మా నాన్న హయాం నుంచీ అని ఏదో మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాడు. సీసా మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"నాలుగో నంబరు బస్సు మూడింటికుంది. త్వరగా వెళ్ళమ్మాయ్," అన్నాడు.

కార్డుని చేతిసంచిలో పెట్టుకుని బస్సెక్కింది. ఎక్కేటప్పుడు అది చల్లగానే ఉంది. మార్కెట్టు స్టాపు దాటాక సంచి అడుగున ఒళ్ళో చల్లదనం తగ్గినట్టనిపించింది. దిగిపోయి వెనక్కి వెళ్దామా అని ఒక్క క్షణం అనుకుంది, వెంటనే ఒళ్ళో మళ్ళీ చల్లబడింది. లేదులే, వెళ్తున్నా అని మనసులో గట్టిగా అనుకుంది. వెచ్చబడింది. రైలు గేటు దగ్గర బస్సు ఆగేసరికి సంచిని ఒళ్ళోంచి సీటు మీదికి జరపాల్సొచ్చింది. పక్కనున్న ఆవిడ సంచి వంక చూసి, దగ్గరివాళ్ళ కార్డనుకుంటా, బాగా కాగింది అంది. మా అన్నయ్యది అని చెప్పింది కవర్లక్క. ఆ మాట పైకి అని ఎన్నేళ్ళయిందో. అనగలిగినందుకే ఎంతో హాయిగా ఉంది.

అన్నయ్య ఒకప్పుడు పనికి చేరిన షాపే ఇప్పుడు ఆయనది. ఏమీ మారలేదు. గోడ నిండా ఫ్రేములు, మూల పరీక్ష కుర్చీ, ఎదురుగోడకి అక్షరాల అట్ట. అన్నయ్య కిటికీ దగ్గర కూర్చుని ఒక అద్దం అంచు నూరుతున్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. తల ఎత్తి చూశాడు. చేతిలో అద్దం జాగ్రత్తగా గుడ్డ మీద పెట్టాడు. ఇరవై నాలుగేళ్ళ తర్వాత ఆయన అన్న మొదటి మాట ఇది:

"ఆ కళ్ళజోడు ఎక్కడ కొన్నావ్?"

"బస్టాండు దగ్గర."

"అనుకున్నా."

లేచి బీరువా సొరుగు లాగాడు. లోపల కవర్లు, తారీఖుల వారీగా దారంతో కట్టిన కట్టలు. ఊళ్ళోవాళ్ళ పెళ్ళికార్డుల కవర్లు. అన్నింటి మీదా ఆయన పేరు, ఆవిడ చేతిరాతలో. రెండేళ్ళ కిందటి నుంచి నీ అక్షరాలు పెద్దవవుతున్నాయి, అన్నాడు ఒక కట్ట విప్పి. ఆర్నెల్లుగా గీత కిందికి జారుతోంది. చూపు తగ్గిందని తెలుసు. చెప్పి పంపుదామనుకున్నా, ఏ మొహం పెట్టుకుని పంపను?

ఆవిడ ఆ కట్టల వంక చూస్తూ నిలబడిపోయింది. తను పాళీ మార్చి, ఊపిరి బిగబట్టి రాసినవన్నీ ఎక్కడికీ పోలేదు. ఒక్కటి కూడా.

"మరి నా పెళ్ళికి ఎందుకు రాలేదన్నయ్యా?"

"కార్డు రాలేదుగా." ఆయన కవరు మీద గీతని బొటనవేలితో తడుముతున్నాడు. "చొక్కా ఇస్త్రీ చేసుకుని, తొడుక్కుని, అరుగు మీద కూర్చున్నా. సాయంత్రం దాకా కూర్చున్నా. ఊరందరికీ అందింది. అంటే నాది చల్లబడి ఉంటుందని అర్థమైంది. నాకే తెలీని కోపం ఏదో నాలో ఉండి ఉంటుంది, కార్డుకి తెలిసింది కాబోలు అనుకుని చొక్కా విప్పేశా. ఆ కోపం ఎక్కడుందా అని ఇన్నేళ్ళూ వెతుక్కుంటున్నా. ఇంతవరకూ దొరకలేదు."

కవర్లక్కకి ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని చూడలేదు కూడా. నీలో లేదన్నయ్యా, ఉంటే కదా దొరకడానికి, నేను నీకు ఇవ్వకూడదనుకున్నాను, అందుకే అది చల్లబడింది అని చెప్పింది. నువ్వు నేర్పిన రాతతోనే బతికాను, పిల్లని పెంచాను, నీకు ఆ ఒక్క మాటా చెప్పకుండా ఇన్నేళ్ళు తిన్నాను అని చెప్పింది. అన్నయ్య వింటూ నాలుగుసార్లు ముక్కు చీదుకున్నాడు. తర్వాత, పని తెలిసినవాళ్ళు మాటలు రానప్పుడు చేసేదే చేశాడు.

"ముందు ఆ కుర్చీలో కూర్చో."

బస్టాండు కళ్ళజోడు తీసి అవతల పడేశాడు. బరువైన పరీక్ష ఫ్రేము ఆవిడ ముక్కు మీద పెట్టి, అద్దాల పెట్టె తెరిచాడు. గోడ మీద అట్ట చూపించబోయి ఆగాడు.

"అది నీకు కంఠతా వచ్చు. పనికిరాదు. చదవడానికి ఇంకేదైనా ఉందా?"

ఆవిడ సంచిలోంచి కవరు తీసి రెండు చేతులతో ఇచ్చింది. ఆయన అందుకుని, చేయి కాలి, ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఊదుకున్నాడు. పైన తన పేరు చూసుకున్నాడు. కార్డుని బయటికి తీసి, అద్దాలు తుడిచే గుడ్డతో పట్టుకుని, అక్షరాలు ఆవిడ వైపు ఉండేలా జానెడు దూరంలో పెట్టాడు. ఒక అద్దం వేశాడు, తీశాడు. ఇంకోటి వేశాడు.

"పై నుంచి చదువు."

పచ్చటి చీమలు ఒక్కొక్కటే అక్షరాలయ్యాయి. ఆవిడ చదివింది. కూతురి పేరు, అల్లుడి పేరు. తారీఖు, వేళ. మీరు తప్పక రావాలని, వచ్చి పిల్లల్ని దీవించాలని. ఆయన ఇంకో అద్దం మార్చాడు. కింది వరుస చదవమన్నాడు. ఆహ్వానించేవాళ్ళ పేర్లు, అబ్బాయి వైపు తొమ్మిది. ఇంకా కిందికి రమ్మన్నాడు. తన పేరు, భర్త పేరు. ఆ కింద ఇంకో వరుస ఉంది. అన్నిటికంటే సన్నటిది, ఆవగింజంత. తను సంతకం పెట్టిన ప్రూఫులో ఆ వరుస ఉందని ఆవిడకి ఇప్పటిదాకా తెలీదు. పెద్దాయన దగ్గూ, కూతురు ఫ్యాను వంక చూడటం గుర్తొచ్చాయి.

"ఆగిపోయావేం? అద్దం మార్చనా?"

"వద్దు. కనిపిస్తోంది."

"మరి చదువు."

"పెళ్ళికూతురి మేనమామ," అని చదివింది. ఆ పక్కనున్న పేరు కూడా చదివింది. ఆయన పేరే. ఆఖరి వరుస, గొంతు కూడా వణక్కుండా చదవాలనుకుంది గానీ వణికింది.

అన్నయ్య కార్డుని తన వైపు తిప్పుకున్నాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఆ వరుసని కళ్ళకి దగ్గరగా తెచ్చుకుని చాలాసేపు చూశాడు. గుడ్డ జారి కింద పడింది. కార్డు కాలుతున్నా ఈసారి చేయి మార్చుకోలేదు.

"వెచ్చటివి ఎన్ని వచ్చాయి?" అని అడిగాడు చివరికి, పెళ్ళి పెద్దలు అడిగినట్టే.

"రెండు వందల పద్నాలుగు. నీతో పదిహేను."

"చల్లటివి?"

"పంతొమ్మిది."

అన్నయ్య వెళ్ళి అద్దాలు నూరే మిషను ఆపేశాడు. కిటికీ మూసి, షాపు తాళాలు జేబులో వేసుకున్నాడు.

"పద, బుట్ట తెచ్చుకుందాం. ఇంటింటికీ మనమే వెళ్ళి ఇద్దాం. పిలిచేవాళ్ళలో నేనూ ఉన్నాగా," అన్నాడు.

పంతొమ్మిదీ మూడు రోజుల్లో ఇచ్చేశారు. ఆ ఎండాకాలం పెద్దాయన ఫ్రిజ్జు కొన్నాడు.